అధిక ధర ఎవరికి దక్కుచున్నది?



సూరత్ రింగ్ రోడ్డు వెంబడి బారులు తీరిన బట్టల మార్కెట్లనుండి పాలియెస్టర్ చీరెలు దేశమంతటికీ పోవుచున్నవి. వాటిని చూపి, “చౌక బట్ట కొనువాడే నేత కార్మికుని దోపిడీకి కారకుడు, ఖరీదైనదే కొనుడు” అని హితబోధ చేయువారు బయలుదేరినారు. ఈ వాదమును త్రోసిపుచ్చవలసియున్నది.

ఆ నగరపు మరమగ్గముల షెడ్లలో ఒడిశా సోదరులతోపాటు తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములవారు ఎందరో చెమటోడ్చుచున్నారు. పన్నెండు గంటల షిఫ్టు. కూలి మీటరు లెక్కన. బట్టపై గొప్ప కంపెనీ ముద్ర పడినంతమాత్రమున ఆ మీటరు రేటు పెరుగునా? అధిక ధర ముద్రకు, ప్రకటనలకు, దుకాణపు హంగులకు పోవును.

ట్రాక్‌మన్‌కు, పోస్ట్‌మన్‌కు 2017లో నిర్ణయించిన డ్రెస్ అలవెన్సు సాలుకు 5,000 రూపాయలు. యూనిఫారము, బూట్లు, ఉతుకుడు అన్నియు అందులోనే! ఎండవానలలో తిరుగు మనకు మన్నికయే ప్రధానము. 400 రూపాయల చొక్కా ఆరు నెలలకే చిరిగి, 900 రూపాయలది రెండేండ్లు ఆగినచో రెండవదియే చౌక. కాని ఆ మన్నికను నేతలో, కుట్టులో వెదకవలెను, ముద్రలో కాదు.

నేత కార్మికునికి న్యాయము మన కొనుగోలు సంచిలో దొరకదు. మీటరు రేటు, ఎనిమిది గంటల పని, ప్రావిడెంట్ ఫండు షెడ్డు గేటువద్ద సంఘటిత పోరాటముతోనే సిద్ధించును. ఎనిమిది గంటల పనిదినము కూడ ఒక కోర్కెగా 1974 మేలో సమ్మె చేసిన రైల్వే కార్మికవర్గమునకు ఇది వేరుగ చెప్పవలెనా? బట్టను పరీక్షించి కొనుడు. నేసిన చేతుల పక్షమున నిలువుడు!