జొన్నాకు తెలివి వరికి కావాలట, జొన్నను కొనే దిక్కు మాత్రం లేదు

యాసంగి కోతలప్పుడు కూలీలు మమ్మల్ని ఒకటి అడిగారు: "నీళ్లలో నిలబడ్డ వరి ఎండకు డీలా పడుతుంది, నీళ్లే లేని చెలకలో జొన్న నిలబడుతుంది. ఎందుకన్నా?" కారణాలు చాలానే ఉన్నాయి. పెద్ద కారణం ఆకులోనే ఉంది.

గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, ఎండ బలంతో తిండిగా మార్చే పనిలో పెట్టేది రుబిస్కో అనే ఎంజైము. ముఠా మేస్త్రి లాంటిదనుకోండి. మేస్త్రి బహు నిదానం. సెకనుకు మూడు నాలుగు అణువులు పట్టడమే గగనం. పైగా ఒక దోషం. నాలుగైదు సార్లకు ఒకసారి బొగ్గుపులుసు వాయువు బదులు ప్రాణవాయువును పట్టుకుంటుంది. ఆ తప్పు దిద్దుకోవడానికి మొక్క తన సంపాదనలోంచే ఖర్చు పెట్టుకోవాలి. ఎండ ముదిరేకొద్దీ తప్పులు పెరుగుతాయి. వరి కథ ఇదీ.

జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్నలకు వేరే ఏర్పాటుంది. అక్కడ పెప్ కార్బాక్సిలేజ్ అనే మరో ఎంజైము ముందుగా ఆ వాయువును పట్టి, ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి చేరవేస్తుంది. రుబిస్కో కూర్చునేది ఆ కణాల్లోనే. చుట్టూ బొగ్గుపులుసు వాయువే కిక్కిరిసి ఉంటే ఇక తప్పు చేయడానికి సందేదీ? ఆకు రంధ్రాలు బార్లా తెరవక్కర్లేదు గనుక నీరూ ఆదా.

ఈ ఏర్పాటును వరిలోకి ఎక్కించాలని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆధ్వర్యంలో 2008లో పని మొదలైంది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. అలాంటి వరి ఇంకా రైతు పొలానికి రాలేదు. శాస్త్రజ్ఞులను మేం ఎగతాళి చేయడం లేదు, అది చేయాల్సిన పనే. మరి ఆ తెలివి పుట్టుకతోనే ఉన్న పంట గతేమిటి?

2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకు క్వింటాలు రూ.3,699, సాధారణ వరికి రూ.2,369. కాగితం మీద జొన్నదే పైచేయి! కానీ వరికి ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంది, జొన్నకు అట్లా లేదు. అప్పిచ్చిన షావుకారి కాంటాకే బస్తా ఎక్కాలి. ఎకరాకు జొన్న దిగుబడి తక్కువ, పిట్టల కావలి ఎక్కువ, ఇదీ నిజమే. అందుకే కౌలుదారు అప్పు చేసి బోరు వేసి వరికి దిగుతున్నాడు. అతన్ని తప్పుపట్టే పెద్దమనుషులున్నారు, మేం పట్టం.

నష్టం కూలీకీ ఉంది. వరి కోతను మిషన్లు మింగాయి. జొన్న తగ్గిన ఊళ్లలో కంకులు కోసే పని, చొప్ప కట్టే పని, కొలిచిచ్చే గింజలు మూడూ పోయాయి. బర్రెకు మేత కొనాల్సి వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. కర్ణాటకలో రాగులు, జొన్నలు రేషన్‌లో ఇచ్చారు కూడా. ఇక్కడెందుకు కాదు?

జొన్న పండే ప్రతి మండలంలో సర్కారు కాంటా పెట్టాలి. కొన్న జొన్నలు ఆ జిల్లా రేషన్ షాపుల్లోనే ఇవ్వాలి. ఈ మాట విత్తనం వేయకముందే చెప్పాలి, కంకులు కల్లానికి చేరాక కాదు.