అమ్మ కళ్లజోడు లెక్కలోకి రాదట!

2010 డిసెంబరు ఆఖరివారం. కోడలి పురుటికని డాలస్ వెళ్లి అప్పటికి నెలన్నర అయింది. ఒకరోజు సాయంత్రం మా అబ్బాయి ఆఫీసు నుంచి వస్తూ రెండు చేతులా రెండు సంచులు పట్టుకొచ్చాడు. కూరలేమో అనుకుని అందుకున్నాను. బల్ల మీద పెట్టి చూస్తే అన్నీ మందులే! తలనొప్పి బిళ్లలు, దగ్గు సిరప్పులు, ఎలర్జీ మాత్రలు, గుండెమంటకి చప్పరించేవి... ఒక్కోటి మూడేసి డబ్బాలు.

‘‘ఏంట్రా, మెడికల్ షాపు పెడుతున్నావా?’’ అన్నాను.

‘‘జనవరి ఒకటి దాటితే వీటన్నిటికీ డాక్టరు చీటీ కావాలమ్మా. ఉన్న డబ్బులు ఈలోగానే వాడేసుకోవాలి. లేకపోతే పోతాయి’’ అన్నాడు.

డబ్బులు వాడకపోతే పోవడమేమిటి? మనకి తెలిసినంతలో వాడితేనే కదా డబ్బులు పోయేది! ఆ రాత్రి భోజనాలయ్యాక కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన దగ్గర వీధికి నాలుగున్నాయి కాబట్టి మీకూ చెబుతాను.

అక్కడ చాలా కంపెనీల్లో ‘ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్’ అని ఒకటుంటుంది. పొట్టిగా ఎఫ్ఎస్ఏ. వచ్చే ఏడాది ఇంట్లో మందులకీ, పళ్లకీ, కళ్లకీ ఎంత ఖర్చవుతుందో ముందు ఏడాది చివర్లోనే ఊహించి ఒక అంకె రాసివ్వాలి. రెండు వేల డాలర్లు అని రాశామనుకోండి, ఏడాదికి 26 సార్లు జీతం పడేవాళ్లకి ఒక్కో విడతలో దాదాపు 77 డాలర్లు పట్టుకుంటారు. ఆ సొమ్ము మీద పన్ను ఉండదు. ఇప్పటి లెక్కల ప్రకారం 22 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాళ్లకి, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా కలుపుకుంటే, రెండు వేల మీద 590 డాలర్ల దాకా మిగులుతుంది. ఇంకో సుగుణం కూడా ఉంది. కోతలు ఇంకా పూర్తికాకపోయినా మొత్తం రెండు వేలూ జనవరి మొదటి తారీఖు నుంచే వాడుకోవచ్చు.

మెలిక ఎక్కడంటే, ఏడాది తిరిగేలోపు వాడని సొమ్ము మనది కాదు. కంపెనీ ఖాతాలోకే పోతుంది. అంటే వచ్చే ఏడాది మనం ఎంత జబ్బుపడతామో మన మీద మనమే పందెం కాయాలన్నమాట. ఆరోగ్యంగా ఉన్నామా, పందెం ఓడిపోయినట్టే!

సరే, పందెం కాశారు. మరి ఆట మధ్యలో నిబంధనలు మారితే? మందుల విషయంలో అదే జరిగింది. 2003కి ముందు దుకాణంలో చీటీ లేకుండా కొనే మందులకి ఈ ఖాతా పనికొచ్చేది కాదు. ఆ ఏడాది సెప్టెంబరులో అక్కడి ఆదాయపన్ను శాఖ తలుపు తెరిచింది. జలుబు మందైనా, ఎలర్జీ మందైనా రసీదు చూపిస్తే చాలు. ఏడేళ్లు అలాగే నడిచింది. 2010 మార్చిలో ఒబామా సంతకం చేసిన ఆరోగ్య బీమా చట్టం ఆ తలుపు మళ్లీ మూసేసింది. 2011 జనవరి 1 నుంచి చీటీ ఉంటేనే డబ్బు అన్నారు. ఇన్సులిన్‌కి మాత్రం మినహాయింపు. కట్టు గుడ్డలు, చేతికర్రలు, కాంటాక్ట్ లెన్సుల ద్రావణం వంటివి మందులు కావు కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఎందుకు మూశారంటే, కోట్లాదిమందికి బీమా కల్పించడానికి డబ్బు కావాలి. దానికోసం పన్ను రాయితీల్లో ఎక్కడెక్కడ కోయచ్చో వెతికారు. అక్కడ ఇదొకటి దొరికింది. బీమా లేక ఆస్పత్రి గడప తొక్కలేనివాళ్లు ఎందరో ఉన్న దేశంలో అది తప్పని నేననను. కానీ ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి లెక్క విచిత్రంగా మారింది. ఎనిమిది డాలర్ల ఎలర్జీ మాత్రలకి చీటీ రాయించుకోవాలంటే డాక్టరు దగ్గరికెళ్లాలి. వెళితే పాతిక డాలర్లు మనం కట్టాలి. ఎనిమిది మీద మిగిలే రెండు డాలర్ల కోసం పాతిక పెట్టేవాడెవడు? మా అబ్బాయి సంచుల కథ అదీ.

అంతటితో ఆగలేదు. అప్పటిదాకా ఎంత దాచుకోవచ్చన్నదానికి చట్టంలో హద్దు లేదు, కంపెనీయే పెట్టుకునేది. 2013 నుంచి 2,500 డాలర్లకి మించకూడదన్నారు. ధరలతోపాటు పెరుగుతూ వచ్చి 2026 సంవత్సరానికి ఆ హద్దు 3,400 అయింది. మిగిలిన సొమ్ము పూర్తిగా పోవడం అన్యాయమని 2013లోనే ఒక సడలింపు ఇచ్చారు. కంపెనీ ఒప్పుకుంటే 500 డాలర్ల దాకా తర్వాతి ఏడాదికి తీసుకెళ్లచ్చు. అదిప్పుడు 680. కొన్ని కంపెనీలు దాని బదులు రెండున్నర నెలల గడువిస్తాయి. కొన్ని రెండూ ఇవ్వవు. మావాడిది ఆ మూడో రకం.

ఆ మూసిన తలుపు తెరవడానికి కరోనా రావాల్సి వచ్చింది. జనం ఆస్పత్రి మాట వింటేనే భయపడి ఇంట్లో మాత్రలేసుకుంటున్న రోజుల్లో, 2020 మార్చి 27న ట్రంప్ సంతకం చేసిన కేర్స్ చట్టంతో చీటీ నిబంధన పోయింది. ఆడవాళ్ల నెలసరి ప్యాడ్లు కూడా మొదటిసారి జాబితాలోకి వచ్చాయి. తర్వాతి ఏడాది మాస్కుల్నీ, శానిటైజర్నీ కూడా చేర్చారు. అయితే ఈనాటికీ గేటు బయటే ఉన్నవి బోలెడు. టూత్‌పేస్టు, ఒంటికి మంచిదని వేసుకునే విటమిన్లు, పళ్లు తెల్లబరుచుకోవడం, బీమా ప్రీమియంలు... ఇవేవీ చెల్లవు. ‘ఆరోగ్యకరమైన తిండి కూడా వైద్యమే, డాక్టరుతో కాగితం ఇప్పిస్తాం రండి’ అని పిలిచే కంపెనీల్ని నమ్మొద్దని 2024 మార్చిలో అక్కడి పన్ను శాఖే హెచ్చరించింది.

ఇక అసలు కథకి వస్తాను.

2023 అక్టోబరులో మళ్లీ వెళ్లాను. పురుట్లో ఎత్తుకున్న మనవరాలికి పదమూడో ఏడు వచ్చింది. పళ్లకి క్లిప్పు వేయించాలని మా అబ్బాయి ఆ ఏడాది ఎఫ్ఎస్ఏలో రెండు వేలు రాసుకున్నాడు. తీరా చూస్తే పళ్ల డాక్టరు ‘ఇంకో ఏడాది ఆగుదాం’ అన్నాడట. డిసెంబరు వచ్చేసరికి తొమ్మిది వందల డాలర్లు అలాగే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నేను స్నానాల గది దగ్గర కాలుజారి పడబోయి నిలదొక్కుకున్నాను. నేను నిలబడ్డాను కానీ కళ్లజోడు నిలబడలేదు. ఒక అద్దం పగిలి, కాడ విరిగింది.

‘‘పోనీలేరా, నీ ఖాతాలో డబ్బులెలాగూ పోతున్నాయి కదా, వాటితో నాకో జోడు చేయించెయ్’’ అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ!

వాడు కాసేపు మాట్లాడలేదు. ‘‘అది కుదరదమ్మా’’ అన్నాడు.

ఆ ఖాతా వాడికీ, భార్యకీ, పిల్లలకీ, పన్ను లెక్కల్లో వాడి మీద ఆధారపడినట్టు చూపించగలిగిన వాళ్లకీ మాత్రమేనట. గ్రీన్‌కార్డు తీసుకుని, అక్కడే ఉంటూ, ఖర్చులో సగానికి మించి పిల్లలే భరించే తల్లిదండ్రులైతే లెక్కలోకి రావచ్చు. విజిటర్ వీసా మీద నాలుగు నెలలు చూసిపోయే అమ్మలు, నాన్నలు సాధారణంగా రారు. నా విజిటర్ బీమా ప్రీమియం కూడా అందులోంచి కట్టడానికి లేదు.

పోయే డబ్బుల్ని పోనివ్వరు కదా. ఆ శనివారం అబ్బాయి, కోడలు, మనవరాలు ముగ్గురూ కంటి పరీక్షలు చేయించుకున్నారు. ముగ్గురికీ కొత్త కళ్లజోళ్లు. ఇంట్లో ఉన్నది నలుగురం, విరిగింది నాలుగో దానిది! నాది మాత్రం వాడు మామూలు కార్డు గీకి 180 డాలర్లకి చేయించాడు.

షాపులోనే వాడి చెవిలో ‘‘బిల్లు కోడలి పేరున రాయించరాదూ?’’ అన్నాను. ఇన్నేళ్లు పిల్లలకి నీతి శతకాలు చెప్పిన టీచరమ్మని! వాడు నవ్వాడు. ‘‘అమ్మా, చిన్నప్పుడు మార్చి నెలలో నాన్న మెడికల్ బిల్లులు తెల్లకాగితాల మీద అంటించింది నేనే. మన ముగ్గురం ఒక్క ఏడాదిలో అన్ని దగ్గు మందులు తాగి ఉంటే ఇలా ఉండేవాళ్లమా?’’ అన్నాడు.

ఇక నేనేం మాట్లాడతాను? మన దగ్గరా కంపెనీలు ఉద్యోగులకి ఇచ్చే మెడికల్ రీయింబర్స్‌మెంటు మీద ఏడాదికి 15,000 రూపాయల దాకా పన్ను ఉండేది కాదు కదా. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే సందు చివర మెడికల్ షాపులో మందుల కంటే బిల్లులు ఎక్కువ అమ్ముడయ్యేవి. 2018 బడ్జెట్లో దాన్నీ, రవాణా భత్యం రాయితీనీ కలిపి తీసేసి, అందరికీ ఒకటే 40,000 స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చారు. బిల్లులు అంటించే పని తప్పింది. నిజంగా మందులు కొనేవాడికీ, కొననివాడికీ తేడా కూడా లేకుండాపోయింది. గట్టిగా పట్టుకుంటే అమ్మ కళ్లజోడు బయటపడిపోతుంది, వదిలేస్తే దగ్గు మందుల బిల్లులు లోపలికొస్తాయి. మధ్యే మార్గం ఏ దేశానికీ ఇంకా దొరికినట్టు లేదు.

పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులకి నా అనుభవంలోంచి నాలుగు మాటలు. మీరు ఇక్కడి నుంచి సూట్‌కేసులో మోసుకెళ్లే మందుల బిల్లులు పిల్లల ఎఫ్ఎస్ఏకి సాధారణంగా పనికిరావు. వేరే దేశం నుంచి తెచ్చుకున్న మందుల్ని అక్కడి పన్ను శాఖ ఒప్పుకోదు. కానీ వాళ్లు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఇక్కడ పంటికి రూట్ కెనాల్ చేయించుకుంటే ఆ ఖర్చు చెల్లుతుంది. బిల్లు మీద పేరు, తేదీ, చేసిన వైద్యం, కట్టిన మొత్తం స్పష్టంగా ఉండేలా డాక్టరుతో రాయించుకోమనండి. తెల్లచీటీ మీద ‘పంటికి 6,000’ అని గీకించుకుంటే లాభం లేదు.

ఇంకోటి, ఉద్యోగం పోయిందా, మామూలుగా ఆ రోజుతోనే ఖాతా కూడా మూతపడుతుంది. ఆ తేదీకి ముందు చేయించుకున్న వైద్యానికి గడువులోగా బిల్లు పెట్టుకోవచ్చు, తర్వాత చేయించుకున్నదానికి రాదు. అదే ముందుగానే మొత్తం వాడేసుకున్నవాళ్లని తిరిగి కట్టమని కంపెనీ అడగకూడదు. కాబట్టి కళ్లజోడు, పళ్ల వైద్యం లాంటివి ఎలాగూ తప్పనప్పుడు ఏడాది మొదట్లోనే చేయించుకోవడం మేలు. రాసుకునేటప్పుడు మాత్రం తప్పకుండా అయ్యే ఖర్చే రాసుకోవాలి. జాబితా ఏటా మారచ్చు. పోయినేడు చెల్లింది కదా అని ఈ ఏడు చెల్లుతుందని అనుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, బయల్దేరే ముందే మీ పళ్లూ కళ్లూ ఇక్కడ చూపించేసుకుని, అదనంగా ఇంకో కళ్లజోడు పెట్టెలో పెట్టుకోండి. అక్కడ పిల్లలు ‘అది కుదరదమ్మా’ అంటే నొచ్చుకోకండి. అది వాళ్ల మాట కాదు, రూలు మాట. మా వాడు ఆ మాట అనడానికి ఎంత ఇబ్బందిపడ్డాడో పగిలిన అద్దంలోంచి కూడా నాకు కనిపించింది.

డిసెంబరు 30న వాడు మళ్లీ ఒక సంచీ పట్టుకొచ్చాడు. కళ్లజోళ్లకి పోను మిగిలినదానికి థర్మామీటరు, ప్లాస్టర్లు, సన్‌స్క్రీను, జలుబు బిళ్లలు, నాలుగు డబ్బాల నొప్పుల బామ్. పదమూడేళ్ల కిందటి సంచీయే మళ్లీ వచ్చినట్టుంది. మోకాలు పట్టేసి, ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాను. మనవరాలు చూసి ‘‘నానమ్మా, అది నీకు కాదు, రూల్స్ ఒప్పుకోవు’’ అంది, వచ్చీరాని తెలుగులో, కొత్త కళ్లజోడు సవరించుకుంటూ.

డబ్బా అక్కడే పెట్టేసి, పెట్టె తెరిచి మన జండూబామ్ తీసుకున్నాను. దానికి ఏ దేశపు చీటీ అక్కర్లేదు.