చరఖాలో దారం ఎంతుంది?

పోయిన ఏడాది జనవరిలో ఒక చేప నా చేతికి చిక్కినట్టే చిక్కి పోయింది. చేప పోవడం పెద్ద విషయమేం కాదు. స్టీల్‌హెడ్ కోసం ఏటికి వెళ్లేవాళ్లకి అది అలవాటే. కానీ ఈ చేప ఒట్టిగా పోలేదు. నా లైను మొత్తం, తోక నుంచి మొన దాకా, లాక్కుని పోయింది.

సియాటిల్ నుంచి తూర్పుగా హైవే 2 మీద గంటసేపు వెళ్తే స్కైకోమిష్ నది. ఇక్కడివాళ్లు ముద్దుగా 'స్కై' అంటారు. పొద్దున్నే మోకాళ్ల పైదాకా నీళ్లలో నిలబడ్డాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఫ్లై ఏటవాలుగా ప్రవాహానికి అడ్డం తిరుగుతుండగా ఎవరో చెయ్యి పట్టి గుంజినట్టయింది. అంతే, రీలు కీచుమంది. చేప కిందికి, పెద్ద బండల మధ్య ఉన్న వడి నీళ్లలోకి దూసుకుపోయింది. దాని వెనక గట్టు వెంట పరిగెత్తుదామంటే కొట్టుకొచ్చి అడ్డంపడిన దుంగలు. ముందు ఫ్లై లైను పోయింది. తర్వాత వెనకున్న సన్నదారం పోయింది. కాసేపటికి స్పూలు అడుగున లోహం తళుక్కుమంది. నేను బిగించి పట్టుకున్నాను. చేప దగ్గరున్న దారం తెగలేదు. స్పూలుకి నేను కట్టిన ముడి ఊడింది. ఆ కొస కడ్డీ రింగుల్లోంచి సుర్రున జారి నీళ్లలో పడిపోయింది.

కాస్త కింద నిలబడి ఉన్న ఒక పెద్దాయన చూసి, నిదానంగా అడిగాడు. "బ్యాకింగ్ ఎంత వేశావు?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా తెలీదు.

ఆ రాత్రి హైదరాబాద్ ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. నాన్నకి ఫ్లై ఫిషింగ్ అంటే ఏంటో తెలీదు. మొత్తం విని ఒకటే అన్నాడు. "చరఖాల దారం ఎంతుందో సూస్కోకుండ పతంగి ఎగరేస్తవా బిడ్డా?"

ఈ వారం కాలమ్ ఆ ప్రశ్న మీదే.

ముందు ఈ చేప గురించి

స్టీల్‌హెడ్ వేరే జాతి కాదు. మన ఊటీ, మున్నార్ ఏళ్లలో బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్ ఉంది చూశారా, అదే జాతి. తేడా ఒక్కటే. ఇది ఏట్లో పుట్టి, సముద్రంలోకి పోయి, అక్కడ తిని బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏరెక్కుతుంది. మన గోదారి పులస కూడా సముద్రం నుంచి ఏటికి ఎదురీదే చేపే కాబట్టి మనకి అర్థం కాని కథేం కాదు. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. స్టీల్‌హెడ్‌లో కొన్ని బతికి, తిరిగి సముద్రానికి పోయి, మళ్లీ వస్తాయి.

మామూలుగా 5 నుంచి 12 పౌండ్ల మధ్య తూగుతుంది. 20 పౌండ్లది దొరికితే జన్మంతా చెప్పుకుంటారు. సముద్రంలో పెరిగిన ఒళ్లు కాబట్టి గాలం తగలగానే ఆగకుండా పరిగెడుతుంది. రీలు గురించి ఇంత గొడవ అందుకే.

ఇంకో మాట. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ ఏళ్ల స్టీల్‌హెడ్‌ని 2007లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న చేపల జాబితాలో పెట్టింది. హేచరీలో పెంచి వదిలిన చేపకి వీపు మీద, తోకకి ముందుండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటుంది. అది ఉంచుకోవచ్చు. ఆ రెక్క ఉందంటే అడవి చేప. వదిలేయాలి. వదిలే ముందు కూడా నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తకూడదు. నా లైను లాక్కుపోయిన చేపకి ఆ రెక్క ఉందో లేదో నేను చూడనే లేదు. అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

బ్యాకింగ్ అంటే ఏంటి?

పతంగి ఎగరేసినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పతంగి దగ్గర మాంజా, దాని వెనక సాదా దారం. పేంచ్ పడేది మాంజాతో. ఢీల్ ఇచ్చుకుంటూ పోతే ఆదుకునేది సాదా దారం. ఫ్లై రీలులో ఆ సాదా దారమే బ్యాకింగ్.

ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి బరువుండదు. ఈకలు, బొచ్చు కట్టిన కొక్కెం అది. దాన్ని దూరం విసరాలంటే బరువు లైనులోనే ఉండాలి. అందుకే ఫ్లై లైను లావుగా ఉంటుంది. మామూలు లైను పొడవు దాదాపు 90 అడుగులు, అంటే 30 గజాలు. స్టీల్‌హెడ్ ఒక్క దౌడులో అది ఖాళీ చేయగలదు. ఆ తర్వాత మీకూ దానికీ మధ్య మిగిలేది బ్యాకింగ్ ఒక్కటే.

మరి ఎంత కావాలి?

చిన్న ఏళ్లలో, చేప వెనక గట్టు మీద నడిచే వీలున్నచోట 100 గజాలు చాలు. స్కైకోమిష్‌లాంటి ఏటికి 150 గజాలు పెట్టుకుంటే నిశ్చింత. ఐడహోలో క్లియర్‌వాటర్ లాంటి పెద్ద నదికి, పెద్ద చేపలకి 200 దాకా వెళ్లొచ్చు. నా నీలం రీలులో ఎంత పట్టిందో తర్వాత లెక్కేసుకుంటే 40 గజాలు కూడా లేదు.

ఎందుకంటే అది చిన్న ట్రౌట్ కోసం చేసిన రీలు. సేల్‌లో కనిపించింది. రంగు నచ్చింది. 8వ నంబరు లైను కుక్కేశాను. లావు లైను స్పూలంతా ఆక్రమించేసరికి బ్యాకింగ్‌కి చోటెక్కడిది?

పెట్టె మీది లెక్క చదవండి

రీలు పెట్టె మీద 'డబ్ల్యుఎఫ్ 8, 200 గజాలు, 20 పౌండ్లు' అని రాసుంటుంది. అంటే 8వ నంబరు మామూలు లైను వేశాక, 20 పౌండ్ల డాక్రాన్ దారం 200 గజాలు పడుతుందని. ఇందులో మూడు మడత పేచీలున్నాయి.

ఒకటి, 30 పౌండ్ల డాక్రాన్ వేస్తే అది లావు కాబట్టి పట్టే పొడవు బాగా తగ్గిపోతుంది.

రెండు, రెండు చేతుల స్పే కడ్డీ వాడితే ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ స్కాగిట్ నది పేరు మీదే వచ్చిన స్కాగిట్ లైను ఉంది. పొట్టి, లావు హెడ్, దాని వెనక 100 అడుగుల సన్నటి రన్నింగ్ లైను. ఇది చాలా చోటు తింటుంది. అందుకే 7వ నంబరు స్పే కడ్డీకి 9 లేదా 10వ నంబరు రీలు చూసుకోండి. 13 అడుగుల కడ్డీని చేతిలో తూకంగా నిలబెట్టడానికి ఆ బరువు కూడా పనికొస్తుంది.

మూడు, చోటు చాలకపోతే జెల్‌స్పన్ దారం ఉంది. చాలా సన్నం, చాలా గట్టి. అదే స్పూలులో ఎన్నో గజాలు ఎక్కువ పడుతుంది. కానీ చేప లాగుతున్నప్పుడు వేలికి తగిలితే కోసేస్తుంది. వదులుగా చుడితే పొరల మధ్య దిగబడి ఇరుక్కుంటుంది. మొదటిసారి కొనేవాళ్లు డాక్రాన్‌తోనే ఉండండి.

ఇంజనీర్లకి చిన్న లెక్క

బ్యాకింగ్ అంటే పొడవు మాత్రమే అనుకునేవాణ్ని. కాదు. రీలు బ్రేకుని డ్రాగ్ అంటారు. అది ఇచ్చేది టార్క్. దారం మీద పడే బిగువు ఎంతంటే, టార్క్‌ని స్పూలు మీద మిగిలిన చుట్ట వ్యాసార్ధంతో భాగించినంత. చుట్ట వ్యాసార్ధం 4.5 సెంటీమీటర్లున్నప్పుడు బిగువు 1 కిలో అనుకోండి. దారం ఖాళీ అయ్యి 3 సెంటీమీటర్లకి వస్తే అది 1.5 కిలోలు. 2.25కి వస్తే 2 కిలోలు. మీరు నాబ్ ముట్టుకోకుండానే డ్రాగ్ రెట్టింపు! పైగా నీళ్లలో ఉన్న లైనంతటినీ ప్రవాహం లాగుతూనే ఉంటుంది. ఆ పొద్దున నా చేతిలో జరిగింది ఇదే.

అందుకే 'లార్జ్ ఆర్బర్' రీళ్లు. వీటి నడుం లావుగా ఉంటుంది. దారం పోయినా వ్యాసార్ధం మరీ పడిపోదు. ఒక చుట్టుకి ఎక్కువ దారం వెనక్కి వస్తుంది. లైను స్ప్రింగులా చుట్టలు పడదు. నడుం లావైతే చోటు పోదా అంటారేమో. పోతుంది, కానీ అనుకున్నంత కాదు. స్పూలు వెడల్పు ఒకటే అనుకుంటే, కేంద్రం నుంచి 4, 5 సెంటీమీటర్ల మధ్య ఉన్న పొరలో 9 పాళ్లు దారం పడితే, 2, 3 సెంటీమీటర్ల మధ్య పొరలో 5 పాళ్లే పడుతుంది. రెండూ సెంటీమీటరు మందమే. దారం ఎక్కువ పట్టేది అంచు దగ్గరే.

తెగాల్సింది ఎక్కడ?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. నా చివరి దారం, అంటే టిప్పెట్, 12 పౌండ్లది. బ్యాకింగ్ 20 పౌండ్లది. లెక్క ప్రకారం టిప్పెట్ తెగాలి. అప్పుడు చేప నోట్లో చిన్న కొక్కెం, కాస్త దారం మాత్రమే ఉంటాయి. కానీ యూట్యూబ్‌లో సగం వీడియో చూసి కట్టిన నా ముడి ఆ 12 పౌండ్లకి కూడా ఆగలేదు. ఫలితం, ఒక చేప దాదాపు 200 అడుగుల దారం ఈడ్చుకుంటూ దుంగల మధ్యకి పోయింది. ఎక్కడ చుట్టుకుందో, బయటపడిందో లేదో.

చేప దగ్గరే బలహీనంగా ఉండాలి, మన దగ్గర కాదు. స్పూలుకి ఆర్బర్ ముడి కట్టాక చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగి చూడండి. బ్యాకింగ్‌కి, లైనుకి మధ్య ముడి కూడా అంతే. అది ఆల్‌బ్రైట్ కావచ్చు, లూపు కావచ్చు. లాగి చూడకుండా ఏటికి వెళ్లొద్దు.

నింపే పద్ధతి

నాకు ఆ పెద్దాయన చెప్పిన చిట్కా ఇది. ముందు ఖాళీ స్పూలు మీద ఫ్లై లైను చుట్టండి. దాని పైన బ్యాకింగ్ చుట్టండి. అంచుకి పావు అంగుళం ఉందనగా ఆపి కత్తిరించండి. ఇప్పుడు మొత్తం విప్పి తిరగేసి చుట్టండి. బ్యాకింగ్ అడుగున, లైను పైన. లెక్క సరిగ్గా సరిపోతుంది. చుట్టేటప్పుడు తడి గుడ్డలోంచి దారం పోనిచ్చి బిగువుగా, ఆ అంచు నుంచి ఈ అంచుకి సమంగా చుట్టాలి.

నేను ఇది మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేశాను. పక్కింటి గుంటూరు ఆంటీ వాకింగ్‌కి వచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచిన నారింజ రంగు దారం చూసి, "సంక్రాంతి అయిపోయింది కదా నాన్నా" అంది.

ఇంతకీ ఎంత ఖర్చు? రీళ్లు వంద డాలర్ల నుంచి ఏడెనిమిది వందల దాకా ఉన్నాయి. ఇసుక, నీళ్లు చొరబడని సీల్డ్ డిస్క్ డ్రాగ్ ఉంటే సుఖం. 1891లో హార్డీ కంపెనీ తెచ్చిన 'పర్ఫెక్ట్' లాంటి పాతకాలం రీళ్లు, కీచుమనే క్లిక్‌తో, స్టీల్‌హెడ్ వాళ్లకి ఇప్పటికీ ప్రాణం. వాటితో చెయ్యే బ్రేకు. ఏదైనా కొనండి, రంగు కన్నా ముందు పెట్టె మీది అంకె చూడండి.

ఒక హెచ్చరిక. బ్యాకింగ్ ఎక్కువుంది కదా అని చేపని ఊరికే పరిగెత్తనివ్వకండి. ఎంతసేపు పోరాడితే అంత అలిసిపోతుంది. అలిసిన చేపని వదిలినా బతుకుతుందన్న నమ్మకం లేదు. వీలున్నంతవరకు మీరే నడిచి దాని దగ్గరికి వెళ్లండి. త్వరగా ముగించండి. బ్యాకింగ్ వాడుకోవడానికి కాదు, ఆపదకి. ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దాచిన డబ్బులాంటిది.

స్టీల్‌హెడ్‌ని ఇక్కడ 'వెయ్యి విసుర్ల చేప' అంటారు. ఈ చలికాలం నాకైతే వెయ్యి దాటాయి. ఒక్కటి కూడా పడలేదు. పోయిన వారం ఆ పెద్దాయన మళ్లీ అదే మలుపులో కనిపించాడు. నా కొత్త రీలు వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

"175 గజాలు" అన్నాను, అడక్కముందే.

ఆయన నవ్వి, తలూపి, తన చోటు నాకిచ్చి కిందికి నడిచాడు.