కరణం దస్తరం పోయింది, మందుల దస్తరం వచ్చింది

కరణం దస్తరంలో ఏం రాసుందో మన తాతలకు తెలీదు. దున్నింది మనోళ్లు, అడంగల్లో పేరు ఇంకొకడిది. 1984లో కరణాల, మునసబుల పదవులు రద్దయ్యాయి. పీడ వదిలిందనుకున్నాం. కానీ మనం చదవలేని దస్తరం ఇంకోటి మన గడప తొక్కింది. అదే ఆసుపత్రి మందుల బిల్లు.

ఏ వాడకైనా పోయి అప్పెందుకైందని అడగండి. ఆసుపత్రి మాట రాకుండా ఉండదు. మందులకెంతైందని అడిగితే సంచిలోంచి చీటీలు తీసి ముందర పోస్తారు. ఆ చీటీల్లో ఏముంది? కంపెనీ పెట్టుకున్న ఇంగ్లీషు పేరు, దాని పక్కన ఒక అంకె. ఆ పేరు వెనకున్న అసలు మందేంటో తెలీదు. దానికి సర్కారు ధర కట్టిందో లేదో తెలీదు. కొన్నయితే తెల్లకాగితం మీద పెన్నుతో గీకినవి. అది బిల్లు కాదు, మన చేతిలో పెట్టిన మోసం.

మందులకు ధర కట్టే చట్టం లేదా? ఉంది. 1997 నుంచి ఢిల్లీలో జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ ఉంది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ఉంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి పైధర కడతారు, ఆ ధర దాటి అమ్మకూడదు. ఆ పైధర ఎట్లా కడతారు? తయారీకి ఎంతయిందని అడగరు. మార్కెట్లో ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్ల ధరలన్నీ కలిపి సగటు తీసి, దుకాణదారుకి 16 శాతం కలుపుతారు. దొంగల రేట్ల సగటును న్యాయమైన రేటు అన్నట్టుంది ఈ లెక్క. జాబితాలో లేని మందులకైతే ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు, మొదటి ధర ఎంత పెట్టినా అడిగేవాడు లేడు.

ఆ బలహీనమైన చట్టమైనా మన దాకా వస్తుందా? రాదు. ఎందుకు రాదో చూడండి. ఒకే మందుకు మూడు చోట్ల మూడు పుస్తకాలున్నాయి. ధర కట్టిన పుస్తకం ఢిల్లీలో ఉంది. బిల్లు పుస్తకం ఆసుపత్రిలో ఉంది. క్లెయిమ్ పుస్తకం ఆరోగ్య పథకం ఆఫీసులో ఉంది. ఈ మూడింటినీ కలిపి చూపే పుస్తకం రోగి చేతిలో లేదు.

పథకాల సంగతే తీసుకోండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా మార్చారు. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. వీటిల్లో ఆపరేషనుకో, జబ్బుకో ఒక కోడ్, ఒక ప్యాకేజీ రేటు ఉంటాయి. మందుల ఖర్చు అందులోనే కలిసుంటుంది. రోగి పైసా కట్టక్కర్లేదు. కానీ జరిగేదేంటి? "ఈ ఇంజక్షను స్కీములో లేదమ్మా, బయట తెచ్చుకో" అంటారు. ఆ తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టి తెస్తుంది. అక్కడ క్లెయిము కాగితంలో మందులతో సహా అని రాసుంటుంది. ఇక్కడ సంచిలో చీటీ ఉంటుంది. ఈ రెండూ ఎప్పుడూ ఎదురుపడవు. ఒకే మందుకి రెండుసార్లు డబ్బు, ఒకటి మన పన్నుల్లోంచి, ఇంకోటి మన కమ్మల్లోంచి.

ఎమ్మార్పీ దాటలేదు కదా అంటారు కొందరు. 2018లో ఆ ధరల సంస్థే ఢిల్లీ పరిసరాల్లో నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించింది. కొన్న ధర మీద లాభం 1,737 శాతం దాకా తేలింది. ఆసుపత్రి తక్కువకి కొంటుంది, పెట్టె మీద ఎక్కువ ధర అచ్చవుతుంది. ఎమ్మార్పీ దాటకుండానే మనల్ని ముంచొచ్చు.

అట్లని చేయలేని పనేం కాదిది. 2017 ఫిబ్రవరిలో గుండెకు వేసే స్టెంటుకి ధర కట్టారు. మందు పూత ఉన్న స్టెంటు సగటున లక్షా ఇరవై వేలు దాటి అమ్మేది, దాన్ని 29,600కి దించారు. పూత లేనిది 7,260. ఇంకో మంచి పని కూడా చేశారు. బిల్లులో స్టెంటు ధర విడిగా రాయాలి, కంపెనీ పేరు, బ్రాండు, బ్యాచి నంబరు రాయాలి అన్నారు. స్టెంటుకి రాయగలిగినోళ్లు ఇంజక్షనుకి ఎందుకు రాయలేరు?

2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడో, బార్ కోడో ఉండాలన్నారు. మందుకొక గుర్తింపు నంబరు, అసలు పేరు, బ్యాచి, గడువు తేదీ అన్నీ అందులో ఉండాలన్నారు. సర్కారు కట్టిన పైధర ఒక్కటీ ఆ జాబితాలో లేదు! నంబరిచ్చారు, ధర దాచారు.

నంబరు, ధర కలిపితే చాలా? అదీ చాలదు. అమెరికాలో ప్రతి మందుకీ జాతీయ కోడ్ ఉంది. ఆసుపత్రి క్లెయిములకి ఇంకో కోడ్ ఉంది. రెంటినీ కలిపి ధరలు చూపే జాబితాలున్నాయి. కానీ ఆ ధరలు అచ్చేసేది ప్రైవేటు కంపెనీలు. 2000ల మొదట్లో అట్లాంటి ఒక కంపెనీ, టోకు వ్యాపారి కుమ్మక్కై వందల మందుల మీద పెంపుదల 20 నుంచి 25 శాతం చేశారని ఆరోపణ వచ్చింది. 2005లో కోర్టుకెక్కింది ఎవరనుకున్నారు? న్యూ ఇంగ్లాండ్ వడ్రంగుల యూనియన్ ఆరోగ్య నిధి. 2009లో రాజీ కుదిరింది, 1,400కి పైగా మందుల మీద పెంచింది దించాల్సొచ్చింది. ఉలి పట్టిన చేతులు ధరల పుస్తకం తిరగేశాయి కాబట్టే అది బయటపడింది. పుస్తకం ఉండటం ఒకటి, అది ఎవరి చేతిలో ఉందన్నది ఇంకొకటి.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆసుపత్రుల మందుల దుకాణాల సంగతి రాష్ట్రాలే చూసుకోవాలని వదిలేసింది. కాబట్టి ఇక ఢిల్లీ మీద నెపం పెట్టి తప్పించుకోవటం కుదరదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల్ని మేం అడిగేది ఇదీ:

ప్రతి మందుల బిల్లులో మందు అసలు పేరు, బ్యాచి నంబరు, సర్కారు పైధర, వసూలు చేసిన ధర తెలుగులో పక్కపక్కన ఉండాలి. అదే వివరం పథకం క్లెయిములోనూ ఉండాలి. క్లెయిము నకలు డిశ్చార్జి రోజే రోగి చేతిలో పెట్టాలి. మందుల ధరల పట్టిక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద అంటించాలి.

అప్పటిదాకా మనం చేయాల్సిందీ ఉంది. బిల్లు లేకుండా మందు కొనొద్దు. ధరల పట్టిక గిరాకీకి కనపడేటట్టు పెట్టాలని చట్టం, దుకాణంలో అడగండి. రెండు బిళ్లలు విడిగా కొన్నా అట్ట ధరలో ఆ వంతుకి మించి తీసుకోకూడదు. పథకం కింద చేరినోళ్లని డబ్బడిగితే ఆరోగ్యశ్రీకి 104కి, ఆయుష్మాన్‌కి 14555కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. కార్యకర్తలు వాడకొక నోటుబుక్కు పెట్టాలి. మందు పేరు, బ్యాచి, ధర, తేదీ ఎక్కించాలి. ఒక్క చీటీ పట్టుకుపోతే ఆఫీసులో తరిమేస్తారు. నూరు చీటీల నోటుబుక్కుతో నూరుమంది పోతే కుర్చీ వేస్తారు.

కరణం దస్తరం మన చేతికి రాకముందే మన భూములు పోయాయి. ఈ దస్తరమన్నా పట్టుకుందాం.