మూరెడు మాటలు

ఆంగ్లభాషలో ‘సెస్క్విపెడేలియన్’ అని ఒక పదమున్నది. అరుదుగా వినబడుతుంది. పొడుగుపాటి మాటలను, వాటిపై మోజుగల రచయితలను ఆక్షేపించుటకు దానిని వాడుతారు. పొడవును నిందించే పదమే ఇంత పొడవుగా ఉండుట అందులోని చమత్కారము.

17వ శతాబ్దములో ఆంగ్లములో ప్రవేశించిన ఈ మాటకు పుట్టినిల్లు లాటిను. ‘సెస్క్వి’ అనగా ఒకటిన్నర. ‘పెస్’ అనగా పాదము, అడుగు. ‘మరియొక సగము’ అను భావము ‘సెస్క్వి’లో ఇమిడి ఉన్నది. సంస్కృతములోని ‘సార్ధ’ శబ్దము కూడ ఇట్లే ‘సగముతో కూడినది’ అయినది. నూటయాబది ఏండ్ల ఉత్సవమును తెలుగువారు సార్ధశతజయంతి అన్నట్లే ఆంగ్లేయులు ‘సెస్క్విసెంటెనియల్’ అంటారు. ఇక ‘పెస్’, ‘పాద’ శబ్దములు ఒకే మూలమునుండి పుట్టిన తోబుట్టువులు. అడుగున్నర అంటే మూర. కనుక ఇవి అచ్చముగా మూరెడు మాటలు!

రోమనులు అడుగున్నర కొలతగల ఇటుకలకు ఈ పేరే పెట్టుకొన్నారు. ఇటుకల కొలతను మాటలకు అన్వయించి ప్రసిద్ధికెక్కించినవాడు క్రీ.పూ. 65 నుండి 8 వరకు జీవించిన హొరేసు మహాకవి. అయితే ఆయన కావ్యకళను గురించి వ్రాసిన గ్రంథములో ఈ పదము వచ్చిన సందర్భమును పలువురు విస్మరిస్తున్నారు. టెలిఫసు, పీలియసు విషాదనాటకములలోని రాజపురుషులు. దారిద్ర్యమో దేశబహిష్కారమో ప్రాప్తించినప్పుడు, ప్రేక్షకుని హృదయమును కదిలింపదలచినచో, వారు డాంబికమును, మూరెడు మాటలను విసర్జించవలెనని హొరేసు భావము. ఆయన నిషేధించినది దీర్ఘపదమును కాదు. దుఃఖవేళ దాని ఆర్భాటమును.

ఈ భేదమును గుర్తింపక దీర్ఘపదము కనబడినంతనే పరిహసించుట న్యాయము కాదు. మనుచరిత్రలో హిమాలయమును వర్ణించుటకు పెద్దన దీర్ఘసమాసమును ఎత్తుకొన్నాడు. ఆ పర్వతమునకు ఆ సమాసము తగినదే. శాస్త్రములకును పారిభాషికపదములు తప్పవు.

కాని ఆపదలో ఉన్నవానితో మాటాడునప్పుడు హొరేసు సూత్రము శిరోధార్యము. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగును అధికారభాషగా చేయుచు 1966లో చట్టము వచ్చినది. ప్రజలకు అర్థమగు భాషలో పాలన సాగవలెనన్నదే అట్టి చట్టమునకు సార్థకత. భూమి పోగొట్టుకొన్న రైతుకు ‘స్వాధీనపరచుకొనబడుచున్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని తాఖీదు పంపితే, లిపి తెలుగైనా దానిని చదివించుకొనుటకు అతడు మరొకరి గడప తొక్కవలసినదే. ‘మీ భూమిని ప్రభుత్వము తీసుకొంటున్నది, అభ్యంతరముంటే ఫలానా తేదీలోగా చెప్పండి’ అంటే చాలును. ఆ తేదీ అర్థము కాకపోతే అతడు పోగొట్టుకొనేది తన హక్కును.

నాటకములో మూరెడు మాట ప్రేక్షకుని కంటతడిని ఆపుతుంది. కచేరీలో అదే మాట న్యాయమును ఆపుతుంది. పండితులకన్న ముందు, తాఖీదులు వ్రాసేవారు ఈ రోమనుకవి హితవును చెవిని పెట్టుట మేలు.