పైనుంచి దాటేసిన ముల్క్



మొన్న మా భాయీజాన్ కుటుంబాన్ని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దించి వచ్చాను. ఆరుగురు, శ్రీనగర్ ఫ్లైట్. హైవే మీంచి ఎయిర్‌పోర్టు వైపు మళ్లేముందు ఉండబట్టలేక అన్నాను: "భాయీజాన్, ఈ రోడ్డు కూడా శ్రీనగర్ నుంచే వస్తోంది, తెలుసా?" ఆయన నవ్వాడు. వెనక సీట్లోంచి భాభీ అంది: "నక్కో మియా! ఆ దారిలో మనోళ్లు పోవుడేంది?"

ఆ మాట మీదే ఈ రోజు నా లడాయి.

నేషనల్ హైవే 44 శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగుతుంది. దేశంలో ఇంతకంటే పొడవైన హైవే లేదు. పాత నంబరు 7 అంటే మన పెద్దలకు ఇంకా బాగా తెలుస్తుంది. ఎయిర్‌పోర్టు వచ్చింది 2008లో. ఈ రోడ్డు అంతకు ఎంతో ముందునుంచీ శంషాబాద్‌లో ఉంది.

ఎయిర్‌పోర్టుని మనవాళ్లు బాగా వాడుకుంటారు, మాషా అల్లాహ్. హజ్‌కి, ఉమ్రాకి, దుబాయ్ నౌకరీకి, ఇప్పుడు కశ్మీర్ సైర్‌కి. కానీ ఇక్కడికీ శ్రీనగర్‌కీ మధ్య రమారమి 2,400 కిలోమీటర్ల ముల్క్ ఉంది. దాన్ని పైనుంచి దాటేస్తున్నాం. ఎందుకని అడిగితే టైమ్ లేదంటారు, పెట్రోల్ అంటారు, అమ్మీ మోకాళ్లు అంటారు. అన్నీ బహానాలు. అసలు జవాబు ఖౌఫ్. బుర్ఖా చూసి ఏమంటారో, దాఢీ చూసి ఏమంటారో, ఆధార్ మీద పేరు చూసి రూమ్ ఇస్తారో ఇవ్వరో!

ఈ ఖౌఫ్ ఉత్తదని నేను అనను. 2024 జూలైలో కాంవడ్ యాత్ర దారిలోని హోటళ్ల ముందు యజమానుల పేర్లు రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు అన్నారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ముజఫర్‌నగర్ మన 44 మీద లేదు. కానీ ఖౌఫ్ మ్యాప్ చూసుకుని రాదు కదా.

నేను పోయొచ్చాను కాబట్టి చెప్తున్నా. రెండేళ్ల కింద మే నెలలో అమ్మీ, బీవీ, ఇద్దరు పిల్లలు, మా పాత కారు. ఒక ఊళ్లో రాత్రి పదింటికి లాడ్జీ అతను ఆధార్ కార్డులు చూసి రూములు లేవన్నాడు. అరగంట ముందు ఫోన్లో ఉన్నాయన్నది అతనే. ఆ రాత్రి అమ్మీ ఒక్క మాట మాట్లాడలేదు. దీన్ని మీ దగ్గర దాచను. సాగర్ దాటాక టైరు పోయినప్పుడు ఒక ఢాబా ముసలాయన అమ్మీ జొహర్ నమాజ్‌కి చోటు చూపించి, వజూకి నీళ్లు పోసి, పైసా తీసుకోలేదు. దాన్నీ దాచను.

ఈ ముసలాయనతో ఆ లాడ్జీ అవమానం చెల్లుకు చెల్లు అయిపోదు. కానీ మనం పోకపోతే లాడ్జీ అతనికి మనం టీవీలోనే కనిపిస్తాం. అతని మనసులోనూ ఖౌఫ్ ఉండొచ్చు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో మతం అడిగి మరీ కాల్చారు. 26 మంది పోయారు. ఆపబోయిన గుర్రాలతను ఆదిల్ హుసేన్ షా కూడా వాళ్లలో ఒకడు. అడిగేది ఎవరైనా, పేరు అడిగి మనిషిని తూచడం జుల్మే. ఇద్దరం ఇళ్లల్లో కూర్చుని టీవీ చూస్తుంటే ఈ జుల్మ్ తగ్గుతుందా? ఇన్నేళ్లు అఖ్‌బార్‌లో పనిచేసిన నేను చెప్తున్నా, వినండి: ఢాబాలో అందరూ కలిసి తిని ఎవరి దారిన వాళ్లు పోయిన రోజు వార్త కాదు. అలాంటి రోజులే ఎక్కువ.

ఇక నజారా సంగతి. సోన్ దగ్గర గోదావరి, నిర్మల్ దాటాక కొండలు. పెంచ్ అడవిలో పులులు కిందనుంచి పోయేలా రోడ్డునే పైకెత్తి కట్టారు. ఉధంపూర్ దాటాక 2017లో తెరిచిన 9 కిలోమీటర్ల సొరంగం, రాంబన్ దగ్గర లోయలో చీనాబ్, బనిహాల్ దగ్గర ఇంకో ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం. అది దాటి ఖాజీగుండ్‌లో బయటపడితే కశ్మీర్. సంగమ్ దగ్గర రోడ్డు పక్కన క్రికెట్ బ్యాట్‌ల కోసం ఆరబెట్టిన విల్లో చెక్కల గుట్టలు చూసి మా వాడు కారు దిగనిదాకా ఊరుకోలేదు. వాడికి కశ్మీర్ అంటే ఇప్పుడు రీల్స్‌లో కనిపించే జన్నత్ కాదు. మన శంషాబాద్ రోడ్డు మీదే ఉన్న ఇంకో ఇలాఖా.

భూమ్మీద తిరిగి చూడమని ఖురాన్ పలుచోట్ల చెప్పింది. ముసాఫిర్‌కి నమాజ్‌లో ఖస్ర్ సౌలత్ కూడా ఉంది. దీన్ మనకోసం దారి ఇంత సులువు చేస్తే, మనం ఖౌఫ్‌తో ఆ దారే మూసుకుంటున్నాం.

వచ్చే సెలవుల్లో శ్రీనగర్ దాకా వద్దులెండి, నాగ్‌పూర్ దాకా పోయి రండి. 500 కిలోమీటర్లు, ఒక్క రోజు. రాత్రి దిగే చోటు ముందే ఖాయం చేసుకోండి, చీకటి పడ్డాక నడపకండి. టిఫిన్‌లో పరాఠాలు, వెంట జానమాజ్ ఉంటే చాలు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు మలుపు వదిలేసి కారు ఉత్తరం వైపు తిప్పండి. తిరిగొచ్చాక మా భాభీకి మీరే చెప్పండి, ఆ దారిలో మనోళ్లు పోతారని.

ఖుదా హాఫిజ్.