కండ కరిగితే... కాలు తడబడుతుంది!

సీసా మూత తిరగక మనవడి చేతికిచ్చే తాతయ్య, గోడ పట్టుకోనిదే నేలమీద నుంచి లేవలేని నాయనమ్మ... ఇలాంటివి చూసినప్పుడు 'వయసైపోయింది కదా' అని సరిపెట్టుకుంటాం. కానీ చాలామందిలో దీని వెనకున్నది కండరాలు తగ్గిపోవడం. వైద్యులు దీన్ని 'సార్కోపీనియా' అంటారు. 1989లో అమెరికా పరిశోధకుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ గ్రీకు మాటల నుంచి సూచించిన పేరిది.

ముప్ఫై దాటినప్పటి నుంచీ పదేళ్లకు దాదాపు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. కండ పోయినచోట కొవ్వు చేరితే బరువులో తేడా కనిపించదు. కాబట్టి బరువు తగ్గలేదని ధీమాగా ఉండకూడదు. కాళ్లలో పట్టు తగ్గితే పడిపోవడం, తుంటి ఎముక విరగడం, మంచం పట్టడం... ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

ఇంట్లోనే చూసుకోవచ్చు

కదలని కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీమీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోవాలి. పక్కన ఒకరు ఉండాలి. అందుకు 12 సెకన్లు, అంతకుమించి పడితే డాక్టరుకి చూపించుకోవడం మంచిది. ఆసియా నిపుణుల బృందం 2019లో సూచించిన కొలత ఇది.

ఏం తినాలి?

రాత్రిపూట కాస్త మజ్జిగన్నంతోనో రెండు ఇడ్లీలతోనో సరిపెట్టేస్తారు పెద్దవాళ్లు. తేలిగ్గా అరుగుతుంది నిజమే, కండకు కావలసిన మాంసకృత్తులు మాత్రం చాలవు. వాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు అవసరం. అంటే 60 కిలోలుంటే 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కాబట్టి ముద్దపప్పు, పెసరట్టు, గుగ్గిళ్లు, పాలు, పెరుగు, గుడ్డు, చేప... ఏదో ఒకటి మూడుపూటలా ఉండాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే తీసుకోవాలి.

నడక ఒక్కటే చాలదు

నడక గుండెకు మంచిది. కండ పెరగాలంటే బరువు పడాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, కుర్చీ పట్టుకుని మునివేళ్లమీద లేవడం, నీళ్ల సీసాలు ఎత్తడం... వారానికి రెండుమూడు రోజులు చాలు. ఊపిరి బిగబట్టకూడదు. బీపీ, గుండెజబ్బు ఉంటే ముందు డాక్టర్ని అడగాలి.

ఈ వయసులో ఇవన్నీ ఎందుకంటారా? 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో సగటున 90 ఏళ్లున్న పదిమందితో ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది!

ప్రేమకొద్దీ మనం పెద్దవాళ్లని కుర్చీలోంచి కదలనివ్వం. మంచినీళ్లు కూడా చేతికే అందిస్తాం. జ్వరం తగ్గాక కూడా 'పడుకో అమ్మా' అంటాం. అన్నాళ్లూ కరిగేది వాళ్ల కండే. పూలు కోయడం, కూరలు తరగడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటి పనులు వాళ్లు చేస్తానంటే చేయనివ్వండి.